వరుసలో నిలబెట్టిన అడవి

జర్మనీలో శీతాకాలపు సెమిస్టర్ కాగితం మీద అక్టోబర్ 1న మొదలవుతుంది. క్లాసులు మాత్రం ఆ నెల సగం దాటితే గాని మొదలు కావు. మధ్యలో దొరికే రోజుల్లోనే కొత్తగా దిగిన విద్యార్థి ఉండడానికో గది, ఆ గదికో చిరునామా కాగితం, బ్యాంకు ఖాతా, నాలుగు వంటగిన్నెలు సమకూర్చుకోవాలి. నేను చేరింది గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో, ఉష్ణమండల అడవుల మీద ఎమ్మెస్సీలో. మాది మంచిర్యాల జిల్లా, జన్నారం వైపు. బాపు అటవీ శాఖలో బీట్ ఆఫీసర్‌గా చేరి సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరయ్యాడు. సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో నేను బీఎస్సీ చేశాను. టేకు అడవిలో పుట్టిన పిల్ల చలిదేశానికి పోయి చెట్ల చదువు చదవడమేమిటో మా చుట్టాల్లో చాలామందికి అంతుపట్టలేదు. "మన దగ్గర లేని అడవి ఆడ ఏమున్నది బిడ్డా?" అని మేనత్త అడిగింది. ఆమెకు చెప్పదగ్గ జవాబు అప్పుడు నా దగ్గర లేదు.

శంషాబాద్‌లో రాత్రి విమానమెక్కితే తెల్లారేసరికి ఫ్రాంక్‌ఫర్ట్. అక్కడినుంచి గ్యోటింగెన్‌కు వేగపు రైలు రెండు గంటలలోపే తీసుకెళ్తుంది. పెట్టెల్లో ఏమున్నాయో చెప్పనక్కర్లేదు, మనవాళ్ళందరి పెట్టెల్లో ఉండేవే. నా దాంట్లో అదనంగా ఉన్నది చెట్ల చుట్టుకొలత తీయడానికి బాపు సర్వీసంతా వాడిన గర్త్ టేపు ఒక్కటి. ఫుల్దా దాటాక రైలు సొరంగాల్లో దూరి బయటపడుతూ ఉంటే, రెండు సొరంగాల మధ్య కొండవాలులు కనిపిస్తాయి. బీట్ ఆఫీసర్ ఇంట్లో పెరిగినవాళ్ళకు కిటికీలోంచి ఊళ్ళకంటే ముందు చెట్లే కంటబడతాయి. కొన్ని వాలుల మీద ఆకులు అప్పుడే రాగిరంగు తిరుగుతున్న బీచ్ చెట్లు, ఒకదాని కొమ్మల్లోకి ఒకటి చొచ్చుకొని ఒత్తుగా ఉన్నాయి. ఇంకొన్నిచోట్ల ముదురాకుపచ్చ స్ప్రూస్ చెట్లు, ఒకే ఎత్తు, ఒకే లావు, గీత గీసినట్టు బారులు. ఆ బారుల నడుమ అక్కడక్కడ మొత్తం వాలే బోసిగా, మొద్దులు తేలి ఉంది. కూపు కొట్టిన చోటు, అంటే వంతు ప్రకారం చెట్లు నరికిన చోటు, ఎట్లా ఉంటుందో చిన్నప్పటినుంచీ చూసినదాన్నే. కానీ ఇది కూపులా అనిపించలేదు. గొడ్డలికి ముందే ఇంకేదో వచ్చి పోయినట్టుంది.

గ్యోటింగెన్‌లో దిగాక మొదటి వారమంతా కాగితాలతోనే సరిపోయింది. మన పిల్లలు ఇంకా చాలామంది ఈ దారిన వెళ్తున్నారు గనక కొంచెం వివరంగా చెప్తాను. 2023–24 శీతాకాలపు సెమిస్టర్ నాటికి జర్మనీలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 49 వేల పైచిలుకు. విదేశీ విద్యార్థుల్లో అందరికంటే ఎక్కువ మనవాళ్ళే. "అక్కడ ఫీజు లేదు" అన్న మాట పట్టుకొని బయల్దేరేవాళ్ళు ఎక్కువ. నిజమే, గ్యోటింగెన్ ఉన్న లోయర్ సాక్సనీ రాష్ట్రం 2014లో ట్యూషన్ ఫీజు ఎత్తేసింది. సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోలు కడితే చాలు, అందులోనే రైలు, బస్సు టికెట్టూ వస్తుంది. కానీ వీసా కావాలంటే ఏడాది ఖర్చు ముందే ఒక ఖాతాలో వేసి స్తంభింపజేయాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు, అంటే అప్పటి లెక్కన పదకొండు లక్షల దాకా. అక్కడికి వెళ్ళాక నెలకు 992 యూరోల చొప్పున మన డబ్బు మనకే ఇస్తారు. బాపుకు రిటైర్మెంటులో వచ్చినదానిలో ఎక్కువ భాగం ఆ ఖాతాలోకే వెళ్ళింది. కాబట్టి ఫీజు లేదన్న మాట సగమే నిజమని, రాబోయేవాళ్ళకూ వాళ్ళ అమ్మానాన్నలకూ నేను గట్టిగా చెప్తాను.

ఆ డబ్బు చేతికి రావాలంటే అక్కడి బ్యాంకు ఖాతా ఉండాలి. ఖాతాకు ఊళ్ళో నివాసం నమోదైనట్టు కాగితం కావాలి. నమోదుకు, గది మాకే ఇచ్చారని ఇంటి యజమాని సంతకం కావాలి. అంటే మొత్తం గొలుసుకు మొదటి కొలికి గది. అదే దొరకదు. విద్యార్థి హాస్టళ్ళకు నెలల తరబడి వెయిటింగ్ లిస్టు. నాకు దరఖాస్తు ముందే పెట్టడం వల్ల దొరికింది గాని, గుంటూరు నుంచి వచ్చిన ఒక తమ్ముడు సీనియర్ల గదుల్లో ఈ రాత్రి ఒకచోట, రేపు ఇంకోచోట అన్నట్టు నేల మీద పడుకొని గడిపాడు. అతణ్ణి అలా తమ గదుల్లో పెట్టుకున్న సీనియర్లు విజయవాడ, నల్గొండ, కర్నూలు వాళ్ళు. వాళ్ళకూ పరీక్షలున్నాయి, పార్ట్ టైం ఉద్యోగాలున్నాయి. రాత్రి పదకొండింటికి పని నుంచి వచ్చి కూడా "అన్నం తిన్నావా తమ్ముడూ, రేపు ఎన్నింటికి అపాయింట్‌మెంటు?" అని అడిగేవాళ్ళు. కొత్త దేశంలో మనిషిని నిలబెట్టేది ఇదే. విశ్వవిద్యాలయం వాళ్ళ స్వాగత సభలు తర్వాతి సంగతి.

మా అంతస్తులో వంటగది అందరిదీ ఒకటే. అక్కడే జావా నుంచి వచ్చిన ఒక అమ్మాయి పరిచయమైంది, నా క్లాసే. ఏ చెట్టు మీద పని చేయాలనుకుంటున్నావంటే టేకు అంది. వాళ్ళ నాన్న కూడా టేకు తోటల్లో పనిచేసినవాడే. ఇద్దరం అన్నం వండుకుంటూ మాట్లాడుకుంటుంటే, లేత టేకాకు అరచేతిలో వేసి నలిపితే చెయ్యి నెత్తురంటినట్టు ఎర్రబడుతుందన్న సంగతి తనకూ తెలుసని అర్థమైంది. చిన్నప్పుడు అట్లా చేతులు ఎర్రగా చేసుకొని "దెబ్బ తాకింది" అని అమ్మను భయపెట్టడం ఇద్దరం చేశాం. మా దగ్గర మాంసం టేకాకులో కట్టిచ్చేవారంటే, వాళ్ళ వైపు అన్నమే టేకాకులో పెట్టి అమ్ముతారని చెప్పింది. ఆకు వాసన అన్నానికి పడుతుందట. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు అడవుల పిల్లలం ఒక చల్లని దేశపు వంటగదిలో ఒకే ఆకు గురించి మాట్లాడుకున్నామంటే ఆ టేకు వెనక పెద్ద చరిత్రే ఉంది. దాన్ని క్లాసులో విన్నాను.

అంతకుముందు ఊరి గురించి రెండు మాటలు. గ్యోటింగెన్ చిన్న ఊరు, పాత కోటగోడ మట్టికట్ట మీద నడుస్తూ గంటలో చుట్టి రావచ్చు. పాత ఇళ్ళ గోడల మీద తెల్లని ఫలకాలు కనిపిస్తాయి. ఈ ఇంట్లో ఫలానా శాస్త్రజ్ఞుడు ఫలానా సంవత్సరాల్లో ఉన్నాడని రాసి ఉంటుంది. గౌస్, హిల్బర్ట్, మాక్స్ బోర్న్ లాంటివాళ్ళ ఊరిది. పంచతంత్రాన్ని 1859లో జర్మన్‌లోకి తెచ్చిన బెన్ఫే ఇక్కడి పండితుడే. నన్ను ఎక్కువగా ఆపేసింది మాత్రం ఎమ్మీ నోటర్ కథ. ఆధునిక బీజగణితానికి దారి వేసిన మనిషి. ఆడమనిషి అన్న కారణంగా పాఠం చెప్పే అర్హత ఇవ్వడానికి విశ్వవిద్యాలయం 1919 దాకా ఒప్పుకోలేదు. అప్పటిదాకా ఆమె పాఠాలను హిల్బర్ట్ పేరు మీద ప్రకటించేవారు. 1933లో నాజీలు వచ్చాక యూదురాలని ఉద్యోగం తీసేశారు. రెండేళ్ళకు అమెరికాలో చనిపోయింది. చదువు పెట్టే చోటే చదువుకున్నవాళ్ళను తరిమిన చోటు కూడా అయింది. ఆ వీధుల్లో పుస్తకాల సంచీ వేసుకొని నడిచే ప్రతి ఆడపిల్లా ఆమెకు రుణపడి ఉందని నా నమ్మకం.

అటవీ శాస్త్ర విభాగం ఊరికి ఉత్తరాన కొత్త ప్రాంగణంలో ఉంటుంది. ఈ విభాగం 1868లో దగ్గర్లోని మ్యుండెన్ అనే ఊళ్ళో ఫారెస్ట్ అకాడమీగా పుట్టింది. పక్కనే చెట్ల తోట. ఉత్తర అమెరికావి ఒకవైపు, చైనా, జపాన్ చెట్లు ఒకవైపు, భూగోళం ప్రకారం పెంచారు. టైంటేబుల్‌లో పది గంటలని ఉంటే క్లాసు పదింబావుకు మొదలవుతుంది. ఆ పావుగంట ఇక్కడి విశ్వవిద్యాలయాల పాత ఆనవాయితీ. పాఠం అయిపోగానే పిల్లలంతా చప్పట్లకు బదులు పిడికిళ్ళతో బల్లల మీద టకటకా కొడతారు. మొదటిసారి ఆ చప్పుడుకు ఉలిక్కిపడ్డాం గాని, రెండో క్లాసుకే మేమూ కొట్టాం.

అటవీ విధానం క్లాసులో రెండో పాఠానికే డీట్రిఖ్ బ్రాండిస్ పేరొచ్చింది. బాన్‌లో పుట్టి, కోపెన్‌హాగెన్, గ్యోటింగెన్, బాన్ విశ్వవిద్యాలయాల్లో వృక్షశాస్త్రం చదివిన మనిషి. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవులకు సూపరింటెండెంటుగా వెళ్ళాడు. ఓడలకు, తర్వాత రైళ్ళకు టేకు కావాలి. వ్యాపారులు కొట్టుకుంటూ పోతున్నారు. అడవిలో ఎంత టేకుందో ఎవరికీ లెక్క లేదు. బ్రాండిస్ ఏనుగెక్కి ఆ లెక్క తీశాడు. ఎడమచేతిలో నాలుగు కర్రముక్కలు, కుడిచేతిలో చాకు. వెదురు పొదల్లోంచి ఏనుగు నడుస్తుంటే, దారికి ఇరువైపులా కనిపించిన ప్రతి టేకుకూ దాని లావును బట్టి ఒక కర్ర మీద ఒక గాటు. మంచుకు తడిసిన చేతులతో కాగితం మీద రాయడం కుదరదు గనక కర్రముక్కలు. అట్లా రోజులకు రోజులు. ఎంత లావు చెట్లు ఎన్నున్నాయి, చిన్న చెట్టు పెద్దదవడానికి ఎన్నేళ్ళు పడుతుంది అన్న రెండు లెక్కలూ కలిపి, ఏటా ఎన్ని కొట్టవచ్చో తేల్చాడు. అడవి ఏటా ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ తీయకూడదన్నది సూత్రం. 1864లో భారతదేశానికి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ ఆయనే. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూచున్న ష్లిఖ్, రిబెన్‌ట్రాప్ ఇద్దరూ జర్మన్లే. 1878లో డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ స్కూలు పెట్టించిందీ బ్రాండిసే.

అది వింటుంటే బాపు కళ్ళముందు మెదిలాడు. దూలపల్లి అకాడమీలో ట్రైనింగ్ తీసుకున్న బీట్ ఆఫీసర్ చెట్టు చుట్టుకొలత తీసి, తరగతులుగా విడగొట్టి, రిజిస్టరులో ఎక్కించే పద్ధతికి మూలం ఆ కర్రముక్కల మీది గాట్లు. మా ఇంట్లో ముప్పై ఏళ్ళు నడిచిన ఉద్యోగానికి వేరు ఎక్కడుందో నేను ఆ దేశపు క్లాసురూములో కూచొని తెలుసుకున్నాను. మేనత్త ప్రశ్నకు సగం జవాబు అప్పుడు దొరికింది.

మిగతా సగం తేలిగ్గా లేదు. బ్రాండిస్ ఊరివాళ్ళ అడవులు ఊరివాళ్ళకే ఉండాలని వాదించాడు. బేడెన్ పావెల్ లాంటి అధికారులు అడవంతా సర్కారుదే కావాలన్నారు. 1878 అటవీ చట్టంలో గెలిచింది రెండోవాళ్ళ వాదన. మన్యంలో 1882 మద్రాసు అటవీ చట్టం కింద గిరిజనుల పోడుకు, కట్టెకు, ఆకుకు అడ్డుపడిన కథ అల్లూరి తిరుగుబాటు దాకా వెళ్ళింది. నిజాం రాజ్యం వేరైనా రిజర్వు హద్దులు గీసే పద్ధతి అదే. ఆ హద్దులు గోండు, కోలాం గూడేల మీదుగా పోయాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఈ హద్దులను ఎదిరించే. క్లాసులో ఘనా, నేపాల్, కొలంబియా పిల్లలు కూడా తమ తమ దేశాల సంగతులు చెప్పారు. పేర్లు వేరు, గొడవ ఒక్కటే. బాపు నిజాయితీగా పనిచేశాడు. గూడేలవాళ్ళు ఆయన్ని సారూ అనేవారు, పండక్కి ఇప్పపువ్వు లడ్డూలు పంపేవారు. అయినా కట్టెల మోపుతో దొరికిన ఆడవాళ్ళ మీద కేసు రాయాల్సి వచ్చిన రోజున ఆయన అన్నం తినేవాడు కాదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇమిడాయో నాకు ఇక్కడికి వచ్చాక గాని తెలిసిరాలేదు.

ఇక్కడి అడవుల్లో ఆ గొడవ కనబడదు. జర్మనీ నేలలో దాదాపు మూడో వంతు అడవి. అందులో సగానికి దగ్గరగా ప్రైవేటు మనుషులది. అయినా ఎవరి అడవిలోనైనా ఎవరైనా నడవవచ్చు, 1975 చట్టం ఆ హక్కు ఇచ్చింది. చేతికి పట్టినన్ని పుట్టగొడుగులు, పళ్ళు తెచ్చుకోవచ్చు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, ఊరంతా అడవిలోనే ఉంటుంది. ముసలివాళ్ళు చేతికర్రలతో, తల్లులు పిల్లల బండ్లతో, కుర్రాళ్ళు సైకిళ్ళ మీద. ఒక పెద్దాయన బుట్టలోని పుట్టగొడుగులు మాకు ఒక్కొక్కటి చూపించి, ఏది తినవచ్చో, ఏది తింటే ప్రాణానికి ప్రమాదమో ఓపికగా చెప్పాడు. పొలం అంచుల్లో కర్ర నిచ్చెనతో, పైన చిన్న గదితో అచ్చం మన మంచెలే కనబడ్డాయి. మన మంచె పంటను కాయడానికి, ఇవి వేటగాళ్ళు అడవి పందులకూ జింకలకూ కాపు వేసేవి. తునికాకు కల్లం కాడ కట్టలు లెక్కపెట్టించుకోవడానికి ఎండలో నిలబడే మా ఊరి ఆడవాళ్ళు గుర్తొచ్చారు. అడవికి దగ్గరగా బతికేవాళ్ళకు అడవిలో ఇంత తేలిగ్గా అడుగు పెట్టే హక్కు మా దగ్గరా ఉండాలని ఆ రోజు చాలా బలంగా అనిపించింది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఆ దిశగా వేసిన అడుగే. కాగితం మీది హక్కు గూడెం దాకా రావాలి, అంతే.

మొదటి ప్రాక్టికల్ ఊరి అడవిలోనే. గ్యోటింగెన్‌కు తూర్పున సున్నపురాతి గుట్టల మీద నగరపాలక సంస్థ అడవి ఉంది. ఎక్కువగా బీచ్, మధ్యలో యాష్, మేపుల్. మొత్తం ఒకేసారి నరకడం ఇక్కడ ఎప్పుడో మానేశారు, ఒక్కో చెట్టునే ఎంచి తీస్తారు. తీయాల్సిన చెట్టుకు రంగు స్ప్రే కొట్టి గుర్తు పెడతారు. మా దగ్గరిలా చెక్కు తీసి సుత్తి ముద్ర వేయరు. బీచ్ బెరడు ఏనుగు చర్మం రంగులో నున్నగా ఉంటుంది, ఎండ పడ్డవైపు కూడా చల్లగానే తగులుతుంది. కింద రాలిన ఆకులు మడమ మునిగేంత. వాటిమధ్య ముక్కోణపు గింజలు. పగలగొట్టి నోట్లో వేసుకుంటే మొర్రి పలుకుల రుచికి దగ్గరగా ఉన్నాయి.

చెట్టును ఛాతీ ఎత్తులో కొలవాలన్నది ప్రపంచమంతా ఒకటే. ఆ ఎత్తు ఎంతన్నది మాత్రం ఒకటి కాదు. యూరప్‌లో 1.3 మీటర్లు. మనదేశంలో నాలుగున్నర అడుగులు, అంటే 1.37 మీటర్లు. వాళ్ళు రెండు దవడలున్న పెద్ద కొలబద్ద కాండానికి పట్టించి వ్యాసం చదువుతారు. చెట్టు గుండ్రంగా ఉండదు గనక ఒకవైపు నుంచి ఒకసారి, దానికి లంబంగా ఇంకోసారి చదివి సగటు తీస్తారు. మేం టేపు చుట్టి చుట్టుకొలత రాసుకుంటాం. నేను బాపు టేపు తీసి బీచ్ చెట్టుకు చుట్టాను. 182 సెంటీమీటర్లు. 3.14తో భాగిస్తే 58 సెంటీమీటర్ల వ్యాసం. కొలబద్ద 57 ఒకవైపు, 59 ఇంకోవైపు చూపింది. ప్రొఫెసర్ ఆ టేపును చేతిలోకి తీసుకొని, అరిగిపోయిన అంకెలను వెలుతురుకు పట్టి చూశారు. ఎన్నేళ్ళు వాడారని అడిగారు. ఏడు సెంటీమీటర్ల ఎత్తు తేడా వల్ల కొలత ఎంత మారుతుందో తేల్చండని మా జట్టుకు ఆ రోజు పని ఇచ్చారు. మొదలు దగ్గర వెడల్పుగా ఉండే చెట్లలో తేడా కనిపించింది, నిటారు కాండాలలో దాదాపు లేదు. రెండు దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టేవాళ్ళకు ఈ చిన్న సంగతి తెలియాలి.

ఇక హార్జ్ కొండల సంగతి. అసలు ఈ వ్యాసం దాని కోసమే. గ్యోటింగెన్ నుంచి ప్యాసింజరు రైలులో గోస్లార్ మీదుగా బాడ్ హార్జ్‌బుర్గ్ వెళ్ళి, అక్కడ బస్సెక్కితే టోర్ఫ్‌హౌస్. దాదాపు 800 మీటర్ల ఎత్తు. అక్కడినుంచి ఎదురుగా బ్రోకెన్ శిఖరం, 1,141 మీటర్లు. తూర్పు, పడమర జర్మనీల సరిహద్దు ఇటుగా పోయేది. శిఖరం తూర్పు జర్మనీ వైపు, సైనిక నిషిద్ధ ప్రాంతంగా ఉండేది. 1989 డిసెంబరు 3న జనం నడుచుకుంటూ వెళ్ళి గేటు తెరిపించారు. ఇప్పుడు కాలిబాట ఉంది. ఆ బాటలో నడుస్తూ చూసిన అడవి మొత్తం నిలువునా ఎండిపోయి ఉంది. కనుచూపు మేర బూడిదరంగు కాండాలు. కొమ్మలు లేవు, బెరడు ఊడింది. కొన్ని నిలబడి ఉన్నాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి కూలి ఉన్నాయి. గాలి వీస్తే కిర్రుమంటున్నాయి. జావా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

కారణం ఐదు మిల్లీమీటర్ల పురుగు. ప్రొఫెసర్ ఒక మొద్దు మీంచి ఊడిన బెరడు ముక్క తీసి తిరగేసి చూపించారు. లోపలివైపు నిలువుగా ఒక సొరంగం, దానికి రెండువైపులా అడ్డంగా సన్నని గీతలు, మొదలు దగ్గర దారమంత, పోనుపోను వెడల్పు. తల్లి పురుగు నిలువు సొరంగం తొలిచి రెండువైపులా గుడ్లు పెడుతుంది. పిల్లలు పక్కలకు తింటూ పెరిగేకొద్దీ గీత వెడల్పవుతుంది. చెట్టుకు ఆహారం పారే పొర అదే. చుట్టూ కొరికేశాక చెట్టు చచ్చిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న స్ప్రూస్ బంక కార్చి పురుగును ముంచేస్తుంది. 2018, 2019, 2020 వరసగా కరువు. నీళ్ళు లేక బంక లేదు. వేడికి పురుగు ఏడాదికి ఒక తరం ఎక్కువే పెట్టింది.

కరువొక్కటే అయితే ఇంత నష్టం జరిగేది కాదన్నారు ప్రొఫెసర్. గోస్లార్ పక్కన రామెల్స్‌బెర్గ్ గనిలో వెయ్యేళ్ళకు పైగా తవ్వకాలు జరిగాయి. ఖనిజం కరిగించడానికి, గని కప్పు నిలపడానికి కట్టె కావాలి. బీచ్ అడవులు తరిగాయి. ఖాళీ అయిన చోట త్వరగా పెరిగే, నిటారుగా పెరిగే స్ప్రూస్ నాటారు. ఎత్తైన చోట్ల స్ప్రూస్ సహజమే. కింది వాలుల్లో మాత్రం అది మనిషి బారులు తీర్చి నిలబెట్టింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద ఎత్తున నరికి మళ్ళీ అదే నాటారు. ఒకే జాతి, ఒకే వయసు. పురుగు ఒక చెట్టు నుంచి పక్క చెట్టుకు పోతే అక్కడా అదే తిండి. అడ్డుపడే వేరే చెట్టు లేదు. లెక్కపెట్టడానికి వీలుగా అడవిని బారుల్లో పెట్టిన పద్ధతి ఈ దేశంలోనే పుట్టింది, దాని ఫలితమూ ఇక్కడే కళ్ళెదుట నిలబడింది. ఆ పద్ధతిని ప్రపంచానికి నేర్పినవాళ్ళ వారసులు దాన్ని ఎక్కడ సరిదిద్దాలో విద్యార్థుల ముందు నిలబడి దాచకుండా చెప్తున్నారు. నాకు మా ప్రొఫెసర్ మీద గౌరవం పెరిగింది. గురువు తన శాస్త్రం తప్పును తానే చూపించే క్లాసులో కూచోవడానికి ఎంత దూరమైనా రావచ్చు.

జాతీయ పార్కులో ఎండిన చెట్లను చాలాచోట్ల అలాగే వదిలేశారు. కిందికి వంగి చూస్తే వాటి నీడలో రోవాన్ మొక్కలు ఎర్రటి పళ్ళతో, బిర్చ్ మొలకలు, మధ్యమధ్య స్ప్రూస్ పిల్లలు. ఎవరూ నాటలేదు. పడిపోయిన మొద్దు మీద నాచు, నాచులో వేలెడంత మొక్క. వాటి మధ్య దూరం ఎక్కడా ఒకేలా లేదు. బీచ్ లాంటివి తమంతట తాము రాలేనంత దూరమైన చోట్ల మాత్రం పార్కువాళ్ళు నాటుతున్నారు.

తిరిగొచ్చిన వారమే గడియారాలు మార్చారు. అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలు రెండవుతాయి. ఇండియాతో తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరిగింది. సాయంత్రం ఐదుకే చీకటి. బాపు తొమ్మిదింటికి అన్నం తిని ఫోన్ చేస్తాడు, ఇక్కడ నాలుగున్నర. హార్జ్ ఫొటోలు చూపించాను. ఆయన చాలాసేపు ఒక్కొక్కటి పెద్దది చేసుకొని చూశాడు.

"ఎన్ని హెక్టార్లు బిడ్డా?"

"వేల హెక్టార్లు బాపూ."

"మన టేకు ప్లాంటేషన్లు గిట్లనే కదా పెట్టినం. రెండు మీటర్లకొకటి, బారుకు బారు. నల్లమద్ది, తునికి, మొర్రి అన్నీ తీసేసి పెట్టినం." కొంచెం ఆగి, "ఆగస్టుల ఆకు తొలుచు పురుగొచ్చి ప్లాంటేషన్ అంత జల్లెడ చేస్తది సూడు, పక్కన పాత అడవిల టేకుకు గంత పట్టేది కాదు. నేను అప్పుడే రాసిన డైరీల."

మా దగ్గర టేకు కాని చెట్టునంతా జంగిల్ వుడ్ అని ఒకే గాటన కట్టేస్తారు. ధర టేకుకే గనక లెక్కలో నిలిచేదీ టేకే. ఇప్పపువ్వు ఏరుకునే మనిషికి, మొర్రి పలుకు అమ్ముకునే మనిషికి, ఎలుగుబంటికి ఆ మిగతా చెట్లే అడవి. బ్రాండిస్ కర్రముక్కల మీద టేకుకు గాటు పడింది, వెదురుకు పడలేదు. టేకును కాపాడిన ఆ లెక్కే మిగతా అడవిని లెక్కలోంచి తప్పించిందని నా అభిప్రాయం. లెక్క మానుకొమ్మని అనను. గాట్లు వేసే కర్రలు ఇంకా చాలా కావాలంటాను. ఇప్పకో కర్ర, తునికికో కర్ర, గూడెం ఆడవాళ్ళు ఏటా ఏం తెచ్చుకుంటున్నారో దానికో కర్ర.

సెమిస్టర్ పేపరుకు విషయం నవంబరు మొదటి వారంలో చెప్పాలి. జావా అమ్మాయీ నేనూ కలిసి రాస్తామని అడిగాం: జన్నారం వైపు టేకు ప్లాంటేషన్లలో, జావా టేకు తోటల్లో, టేకు మధ్య తమంతట తాము మొలిచి నిలబడ్డ వేరే చెట్లు ఏవి, ఎన్ని. ప్రొఫెసర్ ఒప్పుకున్నారు గాని, ఊహలు వద్దు, క్షేత్రంలో తీసిన లెక్క కావాలి, పాతది కూడా పనికొస్తుందన్నారు. ఆ రాత్రే బాపుకు చెప్పాను. మర్నాడు పొద్దున లేచేసరికి ఫోన్ నిండా ఫొటోలు. ఇనప్పెట్టెలోంచి డైరీలన్నీ తీసి మంచం మీద పరిచాడు. కంపార్టుమెంటు నంబరు, నాటిన సంవత్సరం, బతికిన మొక్కల శాతం, పక్కన పెన్సిలుతో "మద్ది పిలకలు వచ్చినయ్, కొట్టలేదు" అని. ఒక పేజీ సగం చెదలు తిన్నది. ఆ పేజీ సంగతి అడిగితే, ఆ బీట్‌లో తనతో పనిచేసిన వాచర్ గూడెంలోనే ఉన్నాడని, అతనికి ఒక్కో చెట్టూ గుర్తేనని చెప్పాడు. పత్తి ఏరడం అయిపోగానే ఇద్దరూ ప్లాంటేషన్‌కు పోతారట.

"ఛాతీ ఎత్తు ఎంత పెట్టమంటవ్?" అని అడిగాడు బాపు. "మీ సార్ల లెక్కనా, మా లెక్కనా?"

రెండూ రాయమన్నాను.